మామిడి చెట్టుకు కంపోస్టు పెట్టడం, కంపోస్టు టీ పోయడం ఎలా?

తొలకరికి ముందు మా తోటకు వచ్చినవాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "ఆ డ్రమ్ములో బుడగలేంటి?" అని. కంపోస్టు టీ అని చెప్పగానే, "మాకూ ఒక క్యాన్ ఇస్తారా?" అంటారు. డ్రమ్ము పక్కనే నడుమెత్తు కంపోస్టు కుప్ప ఉంటుంది. దాని ఊసు ఎవరూ ఎత్తరు.

అడగాల్సింది ఆ కుప్ప గురించే. కంపోస్టు టీ పాలల్లో వేసే తోడు లాంటిది. కంపోస్టులోని సూక్ష్మజీవులను నీళ్లలోకి దించి చెట్టు కింద పోస్తాం, అంతే. పాలే లేని గిన్నెలో తోడు వేస్తే ఏం తోడుకుంటుంది? ఆకూ అలమూ లేని, ఎండకు గట్టిపడిన ఎర్రచలకలో టీ పోసినా అంతే. మొదటి ఏడాది నేను చేసిన పని అదే. 30 బంగినపల్లి చెట్లకు నాలుగు విడతలు టీ పోశాను, గంపెడు కంపోస్టు మాత్రం వేయలేదు. పంపు కరెంటు ఖర్చు తప్ప తేడా ఏమీ కనపడలేదు. అందుకే ముందు కుప్ప సంగతి చెప్పి, ఆ తర్వాత డ్రమ్ము దగ్గరికి వస్తాను.

మొదలుపెట్టే ముందు ఒకసారి మట్టి పరీక్ష చేయించండి. ఫలితాల కాగితంలో "సేంద్రియ కర్బనం" అన్న గడి చూడండి. అక్కడ 0.5 శాతం కంటే తక్కువ ఉంటే మీ నేల ఆకలితో ఉన్నట్టు. 0.5 నుంచి 0.75 వరకు మధ్యస్థం, ఆపైన బాగున్నట్టు. మన ఎండలకు నేలలోని సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది కాబట్టి ఒకసారి వేసి ఊరుకుంటే కుదరదు, ఏటా వేయాల్సిందే.

కుప్ప వేయడం: సంక్రాంతి దాటాక

తొలకరికి ఎరువు చేతికి రావాలంటే జనవరి ఆఖరులోనో ఫిబ్రవరిలోనో కుప్ప వేయాలి. మూడు నాలుగు నెలలు పడుతుంది. వానాకాలం వరి కోతలు అప్పటికే అయిపోయి ఉంటాయి, గడ్డికి కొదవ ఉండదు.

"మా ఇంట్లో పెంటకుప్ప ఉందిగా, అది చాలదా?" అనుకుంటారేమో. పెంటకుప్ప ఎండలో ఆరుబయట పడి ఉంటుంది. అందులోని నత్రజని కొంత ఆవిరిగా పోతుంది, కొంత వానకు కొట్టుకుపోతుంది. పైన ఎండి లోపల పచ్చిగా ఉంటుంది. సగం మగ్గిన పేడను చెట్టుకు వేస్తే చెదలు వస్తాయి, వేరుపురుగు వస్తుంది, కలుపు గింజలు దానితోపాటే తోటలోకి దిగుతాయి. కంపోస్టు కుప్పను మనం కావాలని వేడెక్కిస్తాం, తిప్పుతాం. అసలు తేడా అక్కడుంది. 1920లలో ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవర్డ్ రూపొందించి, ఇండోర్ పద్ధతిగా పేరుపడినదానికి కూడా మూలసూత్రం ఇదే: ఎండుదీ పచ్చిదీ పొరలుగా వేయడం, తడపడం, తిప్పడం.

నీడ ఉండి, నీళ్లు నిలవని, పైపు అందే చోటు చూసుకోండి. చెట్టు మొదలుకు ఆనించి మాత్రం వేయకండి. వెడల్పు 4 అడుగులు, ఎత్తు 4 అడుగులు ఉండాలి, పొడవు మీ దగ్గరున్న సరుకును బట్టి. ఏ వైపు చూసినా 3 అడుగులకు తగ్గితే కుప్ప వేడెక్కదు.

అడుగున కంది కట్టెనో పత్తి కట్టెనో జానెడు మందం పరవండి, కిందినుంచి గాలి ఆడుతుంది. దానిమీద అరడుగు ఎండు సరుకు వేయాలి: వరిగడ్డి, రాలిన ఆకులు, వేరుశనగ పొట్టు, ఏది ఉంటే అది. మామిడాకులు తోలులా దళసరిగా ఉంటాయి, నరికి వేయకపోతే ఏడాదైనా అలాగే ఉంటాయి. దానిపైన రెండు మూడు అంగుళాలు పచ్చిది: పేడ, కొట్టంలో మూత్రానికి తడిసిన గడ్డి, కూరగాయల మార్కెట్ చెత్త. గిరిపుష్పం (గ్లిరిసిడియా) ఆకు ఉంటే అంతకంటే మంచిది లేదు, కానీ జనవరి, ఫిబ్రవరిలో ఆ చెట్టు ఆకు రాల్చి పూతమీద ఉంటుంది. వానాకాలంలో వేసే కుప్పకు అది బాగా అక్కరకొస్తుంది. ప్రతి పొరమీదా పేడనీళ్లు చల్లి, పాత చెట్టు కింది మట్టి గుప్పెడు వేయండి. ఇలా పైదాకా పేర్చుకుంటూ వెళ్లండి.

కొలత ఇలా ఎందుకంటే, కుప్పలో ఉన్న జీవులకు కర్బనం 25 నుంచి 30 పాళ్లుంటే నత్రజని ఒక పాలు కావాలి. ఒట్టి వరిగడ్డిలో కర్బనం మరీ ఎక్కువ. నత్రజనికి దాదాపు 80 రెట్లు ఉంటుంది. అందుకే ఒట్టి గడ్డిని కుప్పేసి తడిపినా త్వరగా కుళ్లదు. కోళ్ల పెంటలో దీనికి పూర్తిగా తలకిందులు, నత్రజని ఎక్కువ. దాన్ని వాడితే పేడ వేసేదాంట్లో సగమే వేయండి, ముక్కుకు గుడ్డ కట్టుకోండి.

కుప్పలో వేయకూడనివి కొన్ని ఉన్నాయి. తుంగ గడ్డలు, గరిక వేళ్లు వేస్తే కంపోస్టుతో కలిపి మీ తోటంతా మీరే నాటినట్టు. వయ్యారిభామ పూత రాకముందు పీకితే పరవాలేదు, పూసిందంటే దాని జోలికి పోకండి. ఇక ఫంక్షన్‌హాల్ పేపర్ ప్లేట్లు! కాగితమే కదా అని నేను రెండు బస్తాలు తెచ్చి వేశాను. కాగితం కుళ్లింది, దానిమీది పల్చటి ప్లాస్టిక్ పొర ఇప్పటికీ చెట్ల పాదుల్లో పార వేసినప్పుడల్లా తగులుతూనే ఉంది.

తడి, వేడి, తిప్పడం

కుప్ప నడుమ నుంచి పిడికెడు తీసి గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లో ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే నీళ్లు ఎక్కువైనట్టు, పిడికిలి తెరవగానే పొడిపొడిగా రాలితే తక్కువైనట్టు. మార్చి, ఏప్రిల్‌లో ఎండిపోవడమే పెద్ద బెడద. కుప్పలో చీమలు పుట్టలు పెట్టాయంటే లోపల తడి లేదని అర్థం. తాటాకులు గానీ తడిపిన గోనెపట్టాలు గానీ కప్పండి. ప్లాస్టిక్ పట్టాతో ఊపిరాడకుండా బిగించవద్దు.

మూడు నాలుగు రోజుల్లో కుప్ప వేడెక్కాలి. థర్మామీటరు అక్కర్లేదు. గడ్డపారను నడిమధ్యకు గుచ్చి పావుగంట ఉంచి లాగండి. లోపలున్న కొనను చేత్తో పట్టుకుని ఉండలేకపోతే కుప్ప 55 డిగ్రీల పైన ఉన్నట్టే. 55 నుంచి 65 డిగ్రీల మధ్య కొన్ని రోజులు ఉంటే కలుపు గింజలు, చాలావరకు తెగుళ్ల బీజాలు చస్తాయి. 70 దాటితే మనకు కావాల్సిన జీవులూ చస్తాయి, అప్పుడు వెంటనే విప్పి నీళ్లు చల్లాలి.

వారం పది రోజులకు వేడి తగ్గడం మొదలవుతుంది. అప్పుడు తిప్పండి. పైనున్నది లోపలికి, లోపలున్నది పైకి రావాలి. బయటి అంచున ఉన్న గింజలకు ఇంకా వేడి తగల్లేదు, తిప్పేది అందుకే. ఇలా మూడు నాలుగు సార్లు చేస్తే చాలు. ముందు పారతో ఒక పక్క కదిపి, ఒక నిమిషం ఆగి చేయి పెట్టండి. వెచ్చటి చోటు తేలుకూ పాముకూ కూడా ఇష్టమే.

కుప్ప ఎలా ఉందో ముక్కే చెబుతుంది. కళ్లు మండేలా ఘాటు వాసన వస్తే పచ్చిది ఎక్కువైంది, గడ్డి కలపండి. మురుగు కాలువ వాసన వస్తే గాలి ఆడటం లేదు, విప్పి ఆరబెట్టండి. ఏ వాసనా లేదు, వేడీ లేదు అంటే ఎండిపోయిందన్నా అనుకోవాలి, పేడ తక్కువైందన్నా అనుకోవాలి.

తిప్పేటప్పుడు తెల్లగా, బొద్దుగా, ముడుచుకుని పడుకున్న పురుగులు కనిపిస్తాయి. నాలుగు కోళ్లను వదలండి, పని అయిపోతుంది. పక్కన కొబ్బరి చెట్లుంటే మాత్రం ఈ పనిలో బద్ధకించకూడదు. కొబ్బరి మొవ్వును తొలిచే కొమ్ము పురుగు పిల్లదశ గడిపేది ఇలాంటి ఎరువు కుప్పల్లోనే.

మగ్గిందా లేదా?

తిప్పినా మళ్లీ వేడెక్కకూడదు. గడ్డి పోచ పోచగా కనిపించకూడదు. తొలకరి చినుకు పడ్డప్పటి మట్టి వాసన రావాలి. ఆ వాసన ఊరికే రాదు, కుప్ప చల్లారాక చేరే ఒక రకం సూక్ష్మజీవులు పుట్టించేదే. ఇంకా అనుమానముంటే తడి కంపోస్టు గుప్పెడు ప్లాస్టిక్ కవర్లో వేసి ముడివేసి మూడు నాలుగు రోజులు నీడలో పెట్టండి. విప్పగానే పుల్లటి కంపు కొడితే ఇంకో మూడు వారాలు ఆగాలి. లేదా కంపోస్టు, మట్టి సగం సగం కలిపి పెసలు చల్లి చూడండి. ఒట్టి మట్టిలో వేసిన పెసలతో సమానంగా మొలిస్తే భయం లేదు.

కుప్ప సగానికి, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ కుంగుతుంది. కంగారు పడకండి. 4 అడుగుల చదరంలో 4 అడుగుల ఎత్తు వేసిన కుప్పలోంచి సుమారు 400 కిలోల కంపోస్టు చేతికొస్తుంది. పది పన్నెండు పెద్ద చెట్లకు సరిపోతుంది.

వేరుకుళ్లు భయం ఉన్న తోటైతే, వేసే పది రోజుల ముందు ట్రైకోడెర్మా విరిడి అనే మేలుచేసే శిలీంధ్రాన్ని కలుపుకోవచ్చు. వ్యవసాయ శాఖ ఎప్పటినుంచో చెబుతున్న లెక్క ఇది: మగ్గిన ఎరువు 90 కిలోలు, వేపపిండి 10 కిలోలు, ట్రైకోడెర్మా పొడి 2 కిలోలు. కలిపి, బెల్లం నీళ్లు చిలకరించి, నీడలో గోనెపట్టా కప్పి ఉంచితే వారం పది రోజుల్లో తెల్లటి బూజు పరుచుకుంటుంది. ఆ తర్వాత శిలీంధ్రనాశిని మందుతో మాత్రం దాన్ని కలపకండి.

చెట్టుకు వేయడం

ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. గంప తెచ్చి కాండం చుట్టూ కుమ్మరిస్తారు. పెద్ద చెట్టుకు తిండి తీసుకునే సన్నవేళ్లు కాండం దగ్గర పెద్దగా ఉండవు. మిట్టమధ్యాహ్నం నీడ ఎంతవరకు పడుతుందో చూడండి. ఆ అంచుకు కొంచెం లోపల, కొంచెం బయట పళ్లెంలా వెడల్పాటి పట్టీ మీద వేయాలి. కాండానికి కనీసం రెండడుగులు ఖాళీ వదలండి. మొదలు ఎప్పుడూ తడిగా ఉంటే బెరడు కుళ్లుతుంది, చెద ఎక్కుతుంది.

కోత అయిపోయి, ఎండుపుల్లలు కత్తిరించి, ఒకటి రెండు మంచి వానలు పడ్డాక, అంటే జూన్ ఆఖరు, జూలై మొదట్లో వేయండి. పదేళ్లు దాటిన చెట్టుకు 40 కిలోల దాకా, నాలుగైదేళ్ల చెట్టుకు 10, 15 కిలోలు. పైమట్టిని రెండంగుళాల లోతు మాత్రమే గీరి, కంపోస్టు పరచి, మట్టితో కలపండి. లోతుగా తవ్వితే మనం తిండి పెట్టాలనుకున్న వేళ్లనే తెంపుతాం. దానిపైన ఎండాకులు మూడు నాలుగు అంగుళాల మందం కప్పండి. ఈ కప్పు లేకపోతే కంపోస్టు ఎండకు మాడిపోతుంది. రాలిన ఆకుల్ని కుప్పేసి అగ్గిపెట్టే అలవాటు ఉంటే మానుకోవాల్సింది ముందు దాన్నే.

వాలు నేలైతే చెట్టుకు దిగువ పక్కన అర్ధచంద్రాకారంలో గట్టు వేయండి. వాన నీళ్లు పాదులో ఆగుతాయి, కంపోస్టు పల్లానికి కొట్టుకుపోదు. నల్లరేగడిలో మాత్రం పాదు లోతు చేయకండి, నీళ్లు నిలిచి వేరు ఊపిరాడక చస్తుంది.

కొత్త మొక్క నాటే గుంతను ఒట్టి కంపోస్టుతో నింపేవాళ్లున్నారు. ఏడాదిలో అది కుంగుతుంది, దానితోపాటు మొక్కా కిందికి దిగి మొదలు మట్టిలో కూరుకుపోతుంది. తీసిన మట్టిలో పావు వంతుకు మించి కలపవద్దు.

సెప్టెంబరు దాటాక మామిడికి ఎరువు పెట్టకండి, అది కంపోస్టైనా సరే. అక్టోబరు, నవంబరు నెలల్లో చెట్టు కాస్త ఎండబెట్టుకుని ఉండాలి. అప్పుడు నత్రజని, నీళ్లు అందితే పూతకు బదులు కొత్త చిగుళ్లు వేస్తుంది.

40 కిలోల తడి కంపోస్టులో నత్రజని పావుకిలో కాస్త అటూ ఇటూ ఉంటుంది. అదీ మెల్లమెల్లగా విడుదలవుతుంది, మొదటి ఏడాది అందేది అందులో కొంతే. కాబట్టి కాపు బాగా ఉన్న చెట్టుకు ఒక్క గంపతో అన్నీ తీరిపోవు. ఆకులు చిన్నవై, సన్నగా గుత్తులు గుత్తులుగా వస్తుంటే జింకు లోపమేమో చూపించుకోండి. ఆ లోటును కంపోస్టు ఒక్కటే అప్పటికప్పుడు పూడ్చలేదు.

ఇక డ్రమ్ము దగ్గరికి

కంపోస్టు వేసి, తడిపి, పైన ఆకు కప్పారు. ఇప్పుడు తోడు వేయొచ్చు.

జీవామృతానికీ దీనికీ తేడా తెలుసుకోండి. జీవామృతంలో పచ్చి పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి వేసి పులియబెడతాం. కంపోస్టు టీలో బాగా మగ్గిన కంపోస్టు తప్ప పచ్చిపేడ పడకూడదు, పులియకూడదు, మొదటినుంచి చివరిదాకా గాలి ఆడుతూ ఉండాలి.

ఇంటి పెరట్లో నాలుగైదు చెట్లకైతే 20 లీటర్ల బకెట్ చాలు. కావాల్సినవి: మగ్గిన కంపోస్టు ఒక కిలో, దాన్ని మూటకట్టేందుకు పాత నూలు గుడ్డ, చేపల తొట్టికి వాడే గాలి పంపు, దాని గొట్టానికి రెండు గాలిరాళ్లు (గాలిని సన్నటి బుడగలుగా వదిలేవి). తోటకైతే 200 లీటర్ల డ్రమ్ము, 8 నుంచి 10 కిలోల కంపోస్టు, దానికి తగ్గ పెద్ద పంపు కావాలి. తొట్టి పంపు డ్రమ్ముకు చాలదు.

మున్సిపాలిటీ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందురోజే పట్టి, మూత తీసి ఉంచండి. గాలిరాళ్లు అడుగున పెట్టి, మూటను నీళ్లలో వేలాడదీసి, పంపు వేయండి. నీటిమీద అంతటా బుడగలు లేవాలి, ఒక మూల గులగులమంటే సరిపోదు. మధ్యలో రెండు మూడు సార్లు మూటను పిసకండి. 24 గంటలు చాలు, చలి రోజులైతే 36. నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, అందుకే డ్రమ్మును ఎండలో పెట్టకూడదు.

బెల్లం వేయాలా? చాలామంది దోసిళ్లతో వేస్తారు. వద్దనే నా మాట. వేసి తీరాలంటే 20 లీటర్లకు ఒక చెంచా, అంతకంటే వద్దు. తీపి ఎక్కువైతే సూక్ష్మజీవులు ఒక్కసారిగా పెరిగి ఉన్న గాలినంతా లాగేస్తాయి. ఇంకో సంగతి, కంపోస్టు సరిగా మగ్గకపోతే అందులో మిగిలిన పేడ క్రిములు, మనుషులకు రోగం తెచ్చేవి, ఆ తీపి మీదే పెరుగుతాయి. 2004లో అమెరికా జాతీయ సేంద్రియ ప్రమాణాల మండలికి నివేదిక ఇచ్చిన కార్యబృందం కూడా ఈ కలిపే పదార్థాల దగ్గరే జాగ్రత్త చెప్పింది. ఆకుకూరల మీద, పచ్చిగా తినేవాటి మీద కంపోస్టు టీ చల్లకండి.

పంపు ఆపాక నాలుగైదు గంటల్లో వాడేయాలి. సీసాలో పోసి దాచేది కాదు ఇది. నెలల తరబడి నిలవ ఉంటుందని అమ్మే క్యాన్లలో ఏముంటుందో మీరే ఆలోచించండి. ఒకసారి రాత్రి కరెంటు పోయి తెల్లారేదాకా రాలేదు. పొద్దున మూత తీస్తే కుళ్లిన గుడ్ల కంపు! ఆ 200 లీటర్లూ తీసుకెళ్లి కంపోస్టు కుప్ప మీద పోశాను. మీరూ అంతే చేయండి, కష్టపడ్డాం కదా అని చెట్టుకు పోయకండి.

మంచి టీ పల్చటి డికాక్షన్ రంగులో, మట్టి వాసనతో ఉంటుంది. గుడ్డలో వడకట్టి, అంతే కొలత నీళ్లు కలిపి, పెద్ద చెట్టుకు 10 లీటర్ల చొప్పున నీడ అంచున, కంపోస్టు వేసిన చోటే పోయండి. సాయంత్రం పూట, నేల తడిగా ఉన్నప్పుడు. జూలై నుంచి సెప్టెంబరు దాకా నెలకోసారి, మొత్తం మూడు సార్లు చాలు. మూటలో మిగిలిన పిప్పిని కూడా అక్కడే కలిపేయండి. ఆ వెంటనే డ్రమ్ము, గొట్టాలు తోమి ఎండలో ఆరబెట్టండి. లోపల జిగురు పేరుకుంటే తర్వాతి టీకి మొదట్లోనే కంపు పడుతుంది.

ఆకుల మీద చల్లితే తెగుళ్లు పోతాయా అని అడుగుతారు. పరీక్షల్లో ఒకచోట పనిచేసినట్టు, మరోచోట చేయనట్టు కనిపించింది. బూడిద తెగులుకో తేనెమంచు పురుగుకో దీన్ని నమ్ముకుని పూత పోగొట్టుకోకండి. పూత మీద అసలు చల్లనే వద్దు.

చివరగా, రెండు మూడు చెట్లను టీ పోయకుండా, వాటికీ అంతే కంపోస్టు వేసి వదిలేయండి. గుర్తుకు కొమ్మకు ఎర్రగుడ్డ కట్టండి. సెప్టెంబరు ఆఖరులో నీడ అంచున రెండు రకాల చెట్ల కిందా జానెడు లోతు మట్టిపెళ్ల లేపి పక్కపక్కన పెట్టి చూడండి: వానపాములెన్ని, తెల్లటి సన్నవేళ్లెన్ని, పెళ్ల చేత్తో నలిపితే విడుతుందా, రాయిలా ఉందా. తేడా లేకపోతే వచ్చే ఏడు డ్రమ్ము పని మానేసి, ఆ సమయంలో ఇంకో కుప్ప వేసుకోండి. మా తోటలో ఎర్రగుడ్డ కట్టిన మూడు చెట్లకూ మిగతావాటికీ మొదటి రెండేళ్లు తేడా చెప్పలేకపోయాను. మూడో ఏడు టీ పోసిన వైపు వేళ్లు కాస్త ఒత్తుగా కనిపించాయి. అది టీ వల్లో, ఆ పక్క నీళ్లు బాగా ఆగడం వల్లో తేల్చుకుందామని ఈసారి గుడ్డల్ని రెండో వైపు చెట్లకు మార్చాను.